సింహాద్రి మేస్త్రీ మీద నేను మోపిన నేరం

ఒక్క మాట మోస్తున్నాను. "లేదు" అన్న మాట. ముప్పై ఏళ్ళు దాటింది. మోయగా మోయగా అలవాటైపోతుందంటారు, నాకు కాలేదు. ఈలోగా రిటైరయ్యాను, మోకాళ్ళు అరిగాయి, మా ఆయన పోయారు, తలకి రంగు వేసుకోవడం కూడా మానేశాను. ఆ మాట మాత్రం నిన్న సాయంత్రం అన్నట్టే ఉంది.

క్షమించమని అడగడానికి రాయడం లేదు. ఆ సంగతి ముందే తేల్చేసుకుందాం. క్షమించగలిగిన మనిషి పోయింది. మిగిలినవాళ్ళకి ఆ హక్కు లేదు, మీకూ లేదు. మీరు వింటే చాలు. నా పేరు చెప్పను. జంషెడ్‌పూర్ తెలుగు బస్తీల్లో నన్నెరిగినవాళ్ళు పది వాక్యాలు చదివేసరికి ఎవరో పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి. పోల్చుకుని ఏం చేస్తారు? ఈ వయసులో నాకు పోయే ఉద్యోగం లేదు, చెడిపోయే సంబంధాలూ లేవు.

నేను చరిత్ర టీచర్ని. ఇక్కడి పిల్లలకి ఇంట్లో తెలుగు వినబడుతుంది, నోట్లోంచి హిందీ వస్తుంది. ఏ రాజు పాఠం మొదలుపెట్టినా వెనక బెంచీలోంచి ఒకటే ప్రశ్న, ఆ రాజు మంచివాడా చెడ్డవాడా అని. "మిస్, వో రాజా అచ్ఛా థా యా బురా?" ఆ కాలాన్ని బట్టి చూడాలి అని చెప్పమంటుంది పాఠ్యపుస్తకం. అలాగే చెప్పేదాన్ని. జీతం తీసుకుంటున్నాను కదా. కానీ ఒక్కనాడూ ఆ మాట నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఈ కాగితం చివరిదాకా చదివాక మీరు, చూశావా, పాతకాలపు మనుషుల్ని మన కొలతలతో కొలిస్తే ఇలాగే అవుతుంది అని నాకు నీతి చెప్పబోతారేమో. అక్కర్లేదు. నా తప్పు కొలవడం కాదు. ఏం చేశానో చెప్తాను, మీకే తెలుస్తుంది.

సింహాద్రి మేస్త్రీ మా తాత ఈడువాడు. ఇద్దరూ శ్రీకాకుళం వైపునుంచి ఒకే రైల్లో వచ్చారట, మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో. ఇద్దరికీ ఒకే కార్ఖానాలో కోక్ ఓవెన్ దగ్గర పని. ఏ కార్ఖానా అని అడక్కండి, చెప్పను. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి కోక్ చేసే గదులవి, వరసగా ఉంటాయి. వాటిని మావాళ్ళందరూ భట్టీ అనే అనేవారు. తర్వాత సింహాద్రి అక్కడి పనివాళ్ళ మీద మేస్త్రీ అయ్యాడు. మా తాత కాలేదు. నేను పుట్టేసరికే సింహాద్రి పోయాడు. నేను చూసింది అతని కూతురు పైడమ్మని.

భాలుబాసాలో మా బస్తీలో ఏటా వేసవిలో అమ్మవారి ఘటాలు తిరుగుతాయి. ఇత్తడి బిందెకి పసుపు రాసి, వేపాకులు కట్టి, పూలు చుట్టి, నెత్తిన పెట్టుకుని డప్పులతో ఇంటింటికీ వస్తారు. ఇల్లాలు గుమ్మంలో నిలబడి, ఘటం మోసేవాళ్ళ కాళ్ళ మీద బిందెడు పసుపునీళ్ళు పోసి మొక్కుకుంటుంది. అందరి ఇళ్ళకీ వస్తుంది కానీ మొదట ఏ గడపకి వస్తుందన్నది పెద్ద సంగతి. మా బస్తీలో మొదటి ఘటం సింహాద్రి మేస్త్రీ గడపకి. ఎందుకో ఎవరికీ తెలియదు. అడిగితే, ముందునుంచీ అంతే అనేవారు. ధనవంతుల ఇల్లు కాదు, పూజారి ఇల్లూ కాదు. అయినా ఘటం గుడి దగ్గర లేచిందంటే డప్పులవాళ్ళ కాళ్ళు వాటంతటవే అటు తిరిగేవి.

ఎందుకో నాకు తెలుసు.

మా తాత మంచాన పడ్డ ఏడాది తెలిసింది. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను, చీర కొంగు నడుంకి బిగించి తిరిగేదాన్ని, సాయంత్రాలు ఎర్రజెండా పార్టీ మీటింగులకి వెళ్ళేదాన్ని. కళ్ళు నెత్తిమీద ఉండేవి. తెల్లదొరలుండగా ఆ కార్ఖానాలో జరిగిన పెద్ద సమ్మె గురించి ముసలివాళ్ళ దగ్గర కూర్చుని అడిగేదాన్ని. అందరూ ఒక మాట చెప్పేవారు. సమ్మెలో మనవాళ్ళందరూ గేటు బయట ఆకలితో కూర్చుంటే, సింహాద్రి ఒక్కడూ ఇద్దరు ఒడియావాళ్ళని వెంటబెట్టుకుని పోలీసుల మధ్యనుంచి లోపలికి నడిచి వెళ్ళాడు. సమ్మె ఓడిపోయింది. చాలామంది పనులు పోయాయి. సింహాద్రి మేస్త్రీ అయ్యాడు. ఇంతకంటే ఏం కావాలి? వర్గద్రోహి. నా వయసుకి, నా ఊపుకి అచ్చంగా సరిపోయే కథ.

తాతకి అంబలి తాగిస్తూ ఇదే మాట అన్నాను. తాత గిన్నె పక్కకి నెట్టాడు. "ఆడు ద్రోహి కాడే. ఆడిని మేమే పంపేం" అన్నాడు.

మా ఇంటి అరుగు మీదే ఐదారుగురు పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారట. భట్టీ లోపలి గోడలు ఇటుకవి. అవి కట్టిన రోజునుంచి వేడిగానే ఉండాలి. ఒకసారి చల్లారితే పగులుతాయి, పగిలితే కూల్చి మళ్ళీ కట్టాలి. అన్నాళ్ళూ పని ఉండదు. సమ్మె గెలిచినా తిరిగి వెళ్ళి నిలబడడానికి చోటుండదు. అందుకని ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి, ఉత్పత్తి తీయకుండా, వేడి పోకుండా మాత్రం చూడాలి. ఈ సంగతి కంపెనీకి తెలియకూడదు, తెలిస్తే సమ్మెవాళ్ళే భయపడుతున్నారని పట్టు బిగిస్తారు. బయట జనానికీ తెలియకూడదు, తెలిస్తే ఆయనొక్కడే ఎందుకు, మేమూ పోతామంటారు. కాబట్టి వెళ్ళేవాడు ద్రోహిగానే వెళ్ళాలి. సింహాద్రికి అప్పటికి ఒక్కతే కూతురు, చంటిది. సరే అన్నాడట. అన్నందుకు బతికినంతకాలం ఆ పేరు మోశాడు. చెప్పకూడదని ఒట్టు వేసుకున్న పెద్దలు చెప్పలేదు, కానీ ఏటా మొదటి ఘటం మాత్రం ఆ గడపకి పంపేవారు. నోటితో చెప్పలేనిది అలా చెప్పుకున్నారు.

నేను విన్నాను. నమ్మానా అంటే, నమ్మాను. ఇది మీరు గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకు ఇక్కడే ఉంది. ముసలాయన, జ్వరంలో ఉన్నాడు, స్నేహితుడి మీద జాలితో ఏదో కల్పించి చెప్పాడు అనుకున్నానని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. తాత చెప్తుంటే నా ఒళ్ళు జలదరించింది. నిజం విన్నప్పుడు ఒంటికి తెలుస్తుంది. నాకు తెలిసింది. తెలిసీ నా మంచి కథ పాడైపోయిందే అని విసుక్కున్నాను. ఆ నెలలోనే తాత పోయాడు.

ఆ తర్వాతి వేసవిలో, ఘటాల పండగకి ముందు బస్తీ హాల్లో మా తెలుగు సంఘం సమావేశం పెట్టారు. మన పెద్దల చరిత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చదువుకున్న పిల్ల, మన పిల్ల, మాట్లాడనీ అన్నారు. నేను మాట్లాడాను. నాకు మాట్లాడడం వచ్చు. ఆకలితో ఉన్న ఆడవాళ్ళ గురించి చెప్పాను, గేటు గురించి చెప్పాను, లాఠీల గురించి చెప్పాను. హాలంతా కదిలిపోయింది. అప్పుడు గొంతు తగ్గించి అడిగాను. ఆ జనం మధ్యనుంచి లోపలికి నడిచిన మనిషి ఇంటికా మనం మొదటి ఘటం పంపేది? అంతే. చప్పట్లు. కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆడవాళ్ళ వైపునుంచి పైడమ్మ లేచింది. మనిషి పొట్టి, గొంతు సన్నం. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది.

"పాపా, మీ తాత నీకు సెప్పనేదా?" అంది.

"ఏం చెప్పాలి?" అన్నాను.

"మా అయ్యని లోనకి పంపింది ఆల్లేనని. మీ అరుగు మీద కూకోనే మాటాడుకున్నారు. ఆల్లందరూ పోయేరు. ఆకరికి మీ తాతొక్కడే మిగిలేడు, ఇప్పుడు ఆయనా ఎల్లిపోయేడు. పోయేముందు నీకు సెప్పే ఉంటాడు. నేను సెప్తే ఎవులింటారు, కూతుర్ని కదా. నువ్వు సెప్తే ఇంటారు. సెప్పేడా, నేదా? అంతే సెప్పు తల్లీ."

హాలంతా నా వైపు చూసింది. మా పార్టీ మిత్రులు ఇద్దరు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళ ముఖాలు కూడా నాకు గుర్తే.

"లేదు," అన్నాను. "నాకేమీ చెప్పలేదు."

పైడమ్మ ముఖంలో కోపం లేదు. "సర్లే అమ్మా" అంది, కూర్చుంది.

నేను అబద్ధమాడానని ఆమెకి తెలుసా? తెలుసనే అనుకుంటాను. ఆ "సర్లే అమ్మా" తెలిసినవాళ్ళు అనే మాట. ఆ రోజే తీర్మానం చేసేశారు, ఇకనుంచి మొదటి ఘటం సంఘం ప్రెసిడెంటు ఇంటికని. పైడమ్మ ఆ హాలు మెట్లు మళ్ళీ ఎక్కలేదు. సాక్చి బజార్లో ఎదురుపడితే మాత్రం పలకరించేది. పిల్లలు బాగున్నారా, మీ ఆయనకి డ్యూటీ ఏ షిఫ్టు అని. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టదు, నేను చెప్పను. కూరల సంచులు పట్టుకుని ఇద్దరం నిలబడి షిఫ్టుల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఎందుకు అలా అన్నాను? భయపడ్డానా? లేదు, నాకు అప్పట్లో భయం తెలియదు. చప్పట్లు కావాలా? కావాలి, కానీ చప్పట్ల కోసమే అయితే ఇంత కాలం నన్ను ఇలా తినేది కాదు. ఎన్నో ఏళ్ళు ఈ ప్రశ్న చుట్టూ తిరిగి తిరిగి, ఒకరోజు ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. అది ఒప్పుకోవడం "లేదు" అన్నది ఒప్పుకోవడం కన్నా కష్టం. అయినా ఒప్పుకుంటున్నాను.

సింహాద్రి మేస్త్రీ ఒక తప్పు చేశాడు. నిజంగా చేశాడు. మా బస్తీలో చివరి వరస ఇళ్ళకి ఘటం వెళ్ళేది కాదు. వాళ్ళూ మాతోపాటే వచ్చినవాళ్ళు, అదే భట్టీ దగ్గర అందరికంటే కష్టమైన పని చేసేవాళ్ళు. కులం తక్కువ అన్నారు. ఘటం వీధి మలుపుకి వచ్చేసరికి సింహాద్రి కర్ర అడ్డం పెట్టి వెనక్కి తిప్పేవాడు. అమ్మవారికి మైల అనేవాడు. ఆ వరస ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని దూరంనుంచి దణ్ణం పెట్టుకునేవారు. ఇది నాకు తాతే చెప్పాడు, స్నేహితుణ్ణి వెనకేసుకొస్తూనే చెప్పాడు. నువ్వేం చేశావు తాతా అంటే, ఆడి ఎనకే నిల్సున్నానే అన్నాడు. తర్వాత మా నాన్నలు పెద్దవాళ్ళయ్యాక ఆ కర్ర పోయింది, ఘటం ఆ వరసకీ వెళ్ళింది.

ఆ రోజు హాల్లో నేను ఈ తప్పు చెప్పి ఉండొచ్చు. ఇది నిజం, సాక్ష్యం ఉంది, ఆ వరసవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వెనక కుర్చీల్లోనే కూర్చున్నారు. ఎందుకు చెప్పలేదు? చెప్తే చప్పట్లు కొట్టే చేతులుండవు కాబట్టి. సింహాద్రి వెనక నిలబడ్డవాళ్ళందరి మనవలూ ఆ హాల్లో ఉన్నారు. నేనూ ఉన్నాను. చేసిన తప్పులో మా అందరికీ వాటా ఉంది. చేయని తప్పులో అతనొక్కడే ఉన్నాడు. అందుకని చేసిన తప్పు వదిలేసి, చేయని తప్పు మోపాను. తెలిసి మోపాను. సమానత్వం గురించి అంతసేపు గొంతు చించుకుని మాట్లాడిన దాన్ని, వెనక కుర్చీల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను తలుచుకుంటే నాకే రోత.

అందుకే అంటున్నాను, పాతవాళ్ళని నేటి కళ్ళతో చూడకూడదు అనే మాట నా దగ్గర చెప్పకండి. ఆ కాలం అలాంటిది అంటారు. ఎవరి కాలం? కర్ర పట్టుకున్నవాడిదే కాలమా? కర్రకి అవతల పిల్లని చంకనెత్తుకుని నిలబడ్డ ఆడదానిది కాదా? ఆవిడకి అప్పుడే తెలుసు అది తప్పని. ఆవిడ నేటి కళ్ళు అరువు తెచ్చుకోలేదు. తీర్పు చెప్పండి, గట్టిగా చెప్పండి, నేనూ చెప్తాను. కాకపోతే మనిషి ఏం చేశాడో అది చెప్పి ఆపైన తీర్పు చెప్పండి. నేను తీర్పు ముందు రాసుకుని, సాక్ష్యం నోరు నొక్కాను. ఆ సాక్ష్యం నా నోట్లోనే ఉంది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చెప్తాను.

మొన్న చలికాలంలో సంఘం కొత్త కమిటీవాళ్ళు సోనారిలో మా ఇంటికి వచ్చారు. సెక్రటరీ రాకేశ్ రావు, గోల్‌మురిలో మొబైల్ షాపు ఉంది, నా దగ్గర చదువుకున్నవాడే. హాలు పడగొట్టి కొత్తది కడుతున్నారట. గేటుకి సింహాద్రి మేస్త్రీ పేరు పెడతారట, నల్లరాయి మీద అతని గురించి చెక్కిస్తారట, మొదటి ఘటం మళ్ళీ ఆ గడపకే పంపుతారట. ఆ రాతలో ఏముండాలో నన్ను రాసిమ్మన్నారు. నా గుండె ఒక్కసారి తేలికైంది. ఏమీ చెప్పకుండానే అంతా సర్దుకుపోతోంది కదా అనుకున్నాను. చూడండి, ఈ వయసులో కూడా బుద్ధి మారలేదు.

తర్వాత రాకేశ్ ఫోన్ తీసి తాను రాసుకున్నది చదివి వినిపించాడు. పరాయి సిద్ధాంతాలు నెత్తికెక్కించుకున్న సమ్మెవాళ్ళకి తల వంచకుండా, దేశం కోసం ఒంటరిగా లోపలికి నడిచి, భట్టీ ఆరనివ్వని వీరుడు. అదే మనిషి, అదే నడక, అదే గేటు. నా రోజుల్లో ద్రోహి అయ్యాడు, వీళ్ళ రోజుల్లో దేశభక్తుడయ్యాడు. ఆ మనిషి మాత్రం ఇద్దరికీ అక్కర్లేదు.

"రాకేశ్, అది నిజం కాదు" అన్నాను. అన్నాక ఇక ఆగలేదు. తాత చెప్పిందంతా చెప్పాను. పైడమ్మ అడిగిందీ, నేనన్నదీ చెప్పాను. కర్ర సంగతి కూడా చెప్పాను. ముప్పై ఏళ్ళు నోట్లో పెట్టుకున్నది టీ చల్లారేలోపు బయటికి వచ్చేసింది.

రాకేశ్ మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, సమ్మెవాళ్ళే పంపారంటే ఫిర్ హీరో ఎలా అవుతాడు? ఔర్ వో చివరి లైన్ మాట ఎత్తకండి ప్లీజ్. వాళ్ళు కూడా చందా ఇస్తున్నారు. సగం వదిలేసి రాయండి, బస్."

సగం వదిలేసి రాయడం నాకు బాగా వచ్చని వాడికెలా తెలుసో! రాయను అన్నాను. రాయి మీది, చెక్కించుకోండి, నా పేరు మాత్రం పెట్టొద్దు, పెడితే హాలు ప్రారంభం రోజు అదే మైకులో ఇదంతా చెప్తాను అన్నాను. బెదిరించావా అంటే, అవును, బెదిరించాను. ఆ వారం లోపల నా పాత పార్టీ మిత్రుడొకాయన ఫోన్ చేశాడు, ఎవరు చెప్పారో ఏమో. ఇప్పుడు ఇదంతా తవ్వితే అవతలివాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టవుతుంది, ఆలోచించు అన్నాడు. ఆ రోజు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళలో ఆయనొకడు. నువ్వు ఫోన్ పెట్టేయ్ అన్నాను.

కమిటీ తెలివైనది. గేటుకి అమ్మవారి పేరు పెట్టేశారు. మొదటి ఘటం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ద్రోహిగా పనికొచ్చాడు, దేశభక్తుడిగా పనికొచ్చేవాడు. సింహాద్రిగా ఎవరికీ పనికిరాలేదు.

మిగిలింది సునీత. పైడమ్మ కూతురు. ఆసుపత్రిలో నర్సు, భాలుబాసాలో అదే ఇంట్లో ఉంటోంది. పైడమ్మ పోయి కొన్నేళ్ళయింది. మొదటి ఘటం మళ్ళీ వాళ్ళ గడపకి వస్తుందని రాకేశ్ ముందే చెప్పేశాడట. గుమ్మానికి కొత్తగా రంగు వేయించింది. ఆ రంగు చూస్తూ లోపలికి వెళ్ళాను. చెప్పకుండా తిరిగి వచ్చేద్దామని ఒక క్షణం అనిపించలేదంటే నమ్మకండి.

అంతా చెప్పాను. డ్యూటీ చీరలోనే కూర్చుని వింది. అయ్యాక నెమ్మదిగా అంది.

"ఆంటీ, అప్పుడు ఝూట్ చెప్పి తీసేశారు. ఇప్పుడు సచ్ చెప్పి తీసేశారు. మాకేం మిగిలింది?"

నిజం మిగిలిందమ్మా అనబోయాను. క్లాసులో అయితే అనేదాన్ని. కర్ర సంగతి ఆమెకి తెలియదట. మా తాత అలా చేశాడా అని ఒకసారి తనలో తనే అనుకుంది. నేను నా తాతని వెనకేసుకురాలేదు, ఆమె తాతనీ వెనకేసుకురాలేదు. చేశాడు అన్నాను.

ఆ తర్వాత తనే అంది.

"ఒకటి మాత్రం నయం ఆంటీ. ఆ ఏడు మొదటి ఘటం రాలేదు కదా, అమ్మ గుమ్మంలో నిలబడే ఉందట. ఎవరూ చూడలేదు. అమ్మ ఎప్పుడూ అదే అనేది. ఎవులూ సూడనేదులే అని. ఉస్సే ఉస్కో తసల్లీ థీ, అదే అమ్మకి ఊరట."

ఇక్కడ ఊరుకోవాల్సింది. దయ ఉన్న మనిషైతే ఊరుకునేది. కానీ నేను ఊరుకున్న ప్రతిసారీ దానికి ఒక మంచి పేరు పెట్టుకున్నాను. ఒకసారి ఉద్యమం అన్నాను, తర్వాత వయసు అన్నాను, ఆ తర్వాత పాత గాయాలు రేపడమెందుకు అన్నాను. ఇప్పుడు దయ అంటానా?

"నేను చూశాను" అన్నాను.

ఇది మీకు కూడా ఇంతవరకూ చెప్పలేదు. తీర్మానం చేసినా పండగ రోజు డప్పులవాళ్ళు అలవాటుగా అటే వెళ్తారేమోనని పైడమ్మ అనుకున్నట్టుంది. నేనూ అదే అనుకుని, చూడడానికే వెళ్ళి, ఎదురు సందులో కట్టెల అడితి పక్కన నిలబడ్డాను. ఆమె తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, పసుపునీళ్ళ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో ఉంది. డప్పులు వినిపించాయి. దగ్గరికొచ్చాయి. వీధి మొదట్లోకి వచ్చి, ఒక్క క్షణం తడబడి, పక్క సందులోకి తిరిగి వెళ్ళిపోయాయి. పైడమ్మ కదల్లేదు. డప్పుల చప్పుడు పూర్తిగా తగ్గేదాకా అలాగే ఉంది. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, ఆ నీళ్ళు తన గడప మీదే పోసుకుంది. లోపలినుంచి చీపురు తెచ్చి, రోజూ వాకిలి కడుక్కునే మనిషిలాగే కడిగింది. కొత్త చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆమె దగ్గర ఉండేదాన్ని. వేయలేదు.

ఇదే సునీతకి చెప్పాను, ఇంతే చెప్పాను. తల్లికి మిగిలిన ఆ ఒక్క ఊరటనీ నేనే తీసేశానని నాకు తెలుసు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నేను కొంతసేపు కుర్చీలోనే కూర్చున్నాను. ఆమె బయటికి రాలేదు. తలుపు నేనే దగ్గరికి వేసి వచ్చేశాను.

మంచిదాన్నయ్యానని అనడం లేదు. దాచింది ఇంకేమీ లేదు, అంతే.